ఫ్రిజ్ సంరక్షణ – 3వ పాఠం: ఫ్రీజర్‌లో పేరుకున్న ఐసు

గత పాఠంలో ఫ్రిజ్‌ను గోడకు ఎంత ఎడంగా ఉంచాలో, ముందు కాళ్లను కాస్త ఎత్తి తలుపు తనంతట తానే మూసుకునేలా ఎలా సరిచేయాలో చూశాం. ఆ పని ఇంకా చేయనివారు ముందు అది చేసి రండి. కాళ్లు సరిగా లేని ఫ్రిజ్‌లో ఐసు ఎన్నిసార్లు దించినా మళ్లీ వస్తుంది. ఈసారి సింగిల్ డోర్ ఫ్రిజ్ పైభాగంలో ఉండే ఫ్రీజర్ పెట్టె గురించి మాత్రమే. డబుల్ డోర్ ఫ్రిజ్‌ల తీరు వేరు, దాన్ని తర్వాతి పాఠానికి ఉంచుదాం.

గోడల మీద పేరుకునే ఐసులోని నీరు ఫ్రీజర్‌ది కాదు. అందులో చాలా భాగం మన వంటింటి గాలిది, మిగిలింది మూతలేని గిన్నెలది. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా 30 గ్రాముల దాకా నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. మైనస్ 18 డిగ్రీల దగ్గర పట్టేది దాదాపు ఒక్క గ్రాము. తలుపు తీసిన ప్రతిసారీ లోపలికి వెళ్లిన గాలి తన దగ్గరున్న నీటిలో ఎక్కువ భాగాన్ని ఫ్రీజర్ గోడల చల్లని రేకు మీదే వదిలేస్తుంది. మే నెల మధ్యాహ్నం హైదరాబాదులో 40 డిగ్రీల ఎండ కాస్తున్నా, తేమ 20 శాతమే ఉంటే ఘనపు మీటరు గాలిలో నీరు పది గ్రాములే. జులైలో కాకినాడలో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున అది 24 గ్రాములు. ఫ్రీజర్‌కు గడ్డుకాలం ఎండాకాలం కాదు, వానాకాలం.

పేరుకుంటే నష్టమేమిటి? సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఫ్రీజర్ పెట్టె అల్యూమినియం రేకులోనే సన్నని గొట్టాల దారులు ఉంటాయి. వాటిలో గ్యాస్ పారుతూ వేడిని లాక్కుంటుంది. కింది అరల్లోని పాలకూ కూరగాయలకూ చల్లదనం వచ్చేది కూడా ఆ రేకు నుంచే. పొడిపొడిగా పేరుకున్న ఈ మంచు నిండా గాలి బుడగలు కాబట్టి, అది రేకుకు దుప్పటి కప్పినట్టే. కింద కూరగాయలు చల్లబడవు, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది. అది చూసి మనం చల్లదనం పెంచే నాబ్‌ను చివరి అంకె 7 మీదకు తిప్పుతాం. దాంతో రేకు మరింత చల్లబడి ఐసు ఇంకా పెరుగుతుంది. పొర అర సెంటీమీటరు దాటిందంటే దించే సమయం వచ్చినట్టే.

దించే ముందు ఐదు నిమిషాలు ఆ ఐసును చూడండి. ఈ పాఠంలో అసలు నేర్చుకోవలసింది ఇదే. చాలామంది చూడకుండానే కరిగించేస్తారు, కారణం నీటితోపాటే కొట్టుకుపోతుంది. పొర నాలుగు గోడల మీదా ఒకే మందంలో, తెల్లగా, పొడిపొడిగా ఉంటే తలుపులో లోపం లేదు. తలుపు తరచుగా తీయడం, మూతలేని గిన్నెలు, వాన రోజులు – ఇంతే. ఐసు పెట్టె మూతి దగ్గర మందంగా ఉండి లోపలికి పోయేకొద్దీ పలచబడితే, లోపలి చిన్న తలుపును అనుమానించండి. ఆ ప్లాస్టిక్ తలుపు విరిగితే తీసి అటక మీద పడేసే ఇళ్లు చాలా ఉన్నాయి. అది అలంకారం కాదు, కింది అరల తడి గాలికి అదే అడ్డు. ఖరీదు తక్కువే, కొత్తది వేయించండి. మందం ఒక మూల మాత్రమే ఉంటే, ఆ వైపు పెద్ద తలుపు రబ్బరును చూడండి. పది రూపాయల నోటును తలుపు సందులో పెట్టి మూసి, మెల్లగా లాగండి. కాస్త పట్టుకుని రావాలి. జారిపోతూ వస్తే అక్కడ రబ్బరు అతుక్కోవడం లేదు. తలుపు చుట్టూ ఇలా చేయండి, పై మూలలను మరీ శ్రద్ధగా. ఇక అడుగున గాజులా నున్నగా, గట్టిగా గడ్డకట్టిన ఐసు గాలిది కాదు. అది ఐసు ట్రే నుంచి ఒలికిన నీరైనా అయి ఉండాలి, లేదా గంటల తరబడి కరెంటు పోయినప్పుడు కరిగి మళ్లీ బిగుసుకున్న మంచైనా అయి ఉండాలి.

ఇప్పుడు దించడం. సరుకు తక్కువగా ఉన్న రోజు ఉదయం ఎంచుకోండి. ఫ్రీజర్‌లో ఉన్నవాటిని మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టి, వార్తాపత్రికలు నాలుగైదు చుట్టండి. చేపలో, మాంసమో ఉంటే, రేకు నుంచి ఊడివచ్చిన మొదటి ఐసు పలకలను ఒక సంచిలో వేసి ఆ డబ్బాలోనే పక్కన పెట్టవచ్చు.

నాబ్ మధ్యలో ఉండే డీఫ్రాస్ట్ బటన్ నొక్కితే కంప్రెసర్ ఆగుతుంది. రేకు వేడెక్కాక బటన్ తనే బయటికి వచ్చి ఫ్రిజ్ మళ్లీ మొదలవుతుంది. పలచని పొరకు అది చాలు, రాత్రి నొక్కి పడుకోవచ్చు. వేలి మందం ఉంటే మాత్రం ప్లగ్గే తీసేయండి. మడత పెట్టిన పాత తువ్వాలు ఫ్రీజర్ అడుగున పరిచి, దాని మీద వేడినీళ్ల గిన్నె పెట్టి చిన్న తలుపు మూయండి. నీళ్లు మరుగుతూ ఉండకూడదు, ప్లాస్టిక్ వంకరపోతుంది. ఒక గిన్నెతో పని అయిపోతుందనుకోకండి. కిలో ఐసును కరిగించే వేడితో కిలో నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. అందుకే పావుగంటకోసారి నీళ్లు మార్చండి. ఫ్రీజర్ కింది ట్రే నిండుతుంటే పారబోస్తూ ఉండండి, లేదంటే ఆ నీరంతా టమాటాల మీదకు దిగుతుంది.

కత్తి, స్క్రూడ్రైవర్, అట్లకాడ – వీటిని వంటింటి అవతల పెట్టి రండి. ఆ రేకు లోపల గ్యాస్ దారులు ఉన్నాయని చెప్పుకున్నాం కదా. ఒక్క పోటు పడితే గ్యాస్ బుస్సుమని పోతుంది. అతుకు వేయించి గ్యాస్ నింపించినా అది ఎన్నాళ్లు నిలుస్తుందో ఏ మెకానిక్కూ మాట ఇవ్వడు. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉన్నది ఆర్ 600ఎ, అంటే ఐసోబ్యూటేన్. అది మండే వాయువు. అలాంటి చప్పుడు వినిపిస్తే పొయ్యి వెలిగించకుండా, స్విచ్‌లు తాకకుండా కిటికీలు తెరిచి బయటికి రండి. ఉప్పు చల్లమనే సలహా కూడా వద్దు, అల్యూమినియాన్ని తినేస్తుంది. జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్ సంగతి సరేసరి, నీళ్లు కారే చోట కరెంటు వస్తువు పట్టుకుని నిలబడటం ఎందుకు?

ఐసు వదులయ్యాక పలకలు వేళ్లతోనే వస్తాయి. రాకపోతే ఇంకా సమయం కాలేదని అర్థం. చివరికి పొడిగుడ్డతో తుడవండి. మిగిలిన చుక్కలే కొత్త పొరకు మొదలు. రబ్బరును గోరువెచ్చని సబ్బునీటితో తుడిచి, మడతల్లోని జిడ్డు తీయండి. ప్లగ్ పెట్టాక రెండు గంటలు ఖాళీగా నడవనిచ్చి అప్పుడు సరుకు సర్దండి.

ఆ తర్వాత జాగ్రత్తలు కొన్నే. కొబ్బరి తురుము, దోశ పిండి, కరివేపాకు, ఏదైనా సరే మూత లేకుండా పెట్టకండి. వేడి చారు చల్లారనివ్వండి. ఐసు ట్రే అడుగు తుడిచి పెట్టండి. వానాకాలంలో నాబ్‌ను 7 మీద ఉంచే అవసరం సాధారణంగా రాదు. పాలు చల్లగా ఉంటున్నంతవరకు ఒక్కో అంకె తగ్గిస్తూ చూడండి.

ఈ పాఠానికి అభ్యాసం: ఐసు దించిన తేదీని కాగితం మీద రాసి తలుపుకు అంటించండి. రెండు వారాల తర్వాత మొదటి తెలుపు ఎక్కడ పడిందో చూసి దాని కిందే రాయండి – మూతి దగ్గరా, మూలనా, అంతటానా? డబుల్ డోర్ ఉన్నవారు ఈలోగా ఒక పని చేయండి. ఫ్రీజర్ వెనుక ప్యానెల్ మీద ఐసు ఉందేమో చూడండి, లోపల ఫ్యాన్ తిరిగే చప్పుడు వినండి. ఆ ఫ్రిజ్‌లో హీటరు తనంతట తానే మంచును కరిగిస్తుంది కాబట్టి అక్కడ మందంగా ఐసు కనిపించకూడదు. కనిపిస్తే హీటరో, టైమరో, ఫ్యానో, తలుపో తేల్చడం 4వ పాఠం.