కాన్ఫెడరేట్ జనరల్ లాంగ్‌స్ట్రీట్ మీద సెమినార్ పేపర్ ఎట్ల రాయాలి

కర్నూలు, ఆదోని సైడు డిగ్రీలో హిస్టరీ తీసుకున్న పిల్లోళ్లకి అమెరికా సివిల్ వార్ టాపిక్ పడితే అందరూ దక్షిణాది సైన్యాన్ని నడిపిన జనరల్ లీ మీదే రాస్తారు, నేనైతే ఆయన కింద పనిచేసిన జనరల్ జేమ్స్ లాంగ్‌స్ట్రీట్‌ను తీసుకోమంటా, ఎందుకంటే ఈయన మీద అసలు గొడవంతా యుద్ధం అయిపోయినాకే మొదలైంది.

చిన్నతనం, చదువు నాలుగు లైన్లు చాలు. 1821లో సౌత్ కరోలినాలో పుట్టినాడు, 1842లో వెస్ట్ పాయింట్ సైనిక కాలేజీలో 56 మందిలో 54వ ర్యాంకుతో పాసైనాడు, తర్వాత ఉత్తరాది సైన్యానికి జనరల్, ఆపైన అమెరికా ప్రెసిడెంట్ అయిన గ్రాంట్ అక్కడే ఫ్రెండ్ అయినాడు (ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది), 1861లో అమెరికా సైన్యానికి రాజీనామా చేసి కాన్ఫెడరేట్ సైన్యంలో చేరినాడు. కాన్ఫెడరేట్ అంటే దక్షిణాది రాష్ట్రాలు విడిపోయి బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి పెట్టుకున్న ప్రభుత్వం, ఆ మాట మొదటి పేజీలోనే రాసేయండి, దాచొద్దు.

యుద్ధాలన్నీ వరసగా రాస్తే పేపర్ నిండిపోతుంది తప్ప మనిషి కనపడడు, అందుకే రెండు చోట్ల ఆగండి. ఒకటి 1863 జులై 3, గెటిస్‌బర్గ్. సుమారు 12,500 మంది దక్షిణాది సైనికులు మైదానం దాటి శత్రువుకు ఎదురుగా పోవాల, ఇది జరిగే పని కాదని లీకి ముందే చెప్పినాడు, ఆ దాడికి పోవాల్సిన జనరల్ పికెట్ వచ్చి ఆర్డర్ అడిగితే నోట మాట రాక తల మాత్రం వంచినానని ఆయనే రాసుకున్నాడు. రెండోది 1864 మే 6, వైల్డర్‌నెస్ అనే చోట జరిగిన యుద్ధంలో సొంత సైనికులే పొరపాటున కాల్చినారు, కుడి చెయ్యి పడిపోతే ఎడమ చేత్తో రాయడం నేర్చుకున్నాడు.

ఇంక అసలు భాగం, సగం పేజీలు దీనికే ఇవ్వండి. యుద్ధం తర్వాత లింకన్ పార్టీ అయిన రిపబ్లికన్ పార్టీలో చేరి గ్రాంట్‌కు సపోర్ట్ చేసినాడు, 1874లో న్యూ ఆర్లీన్స్‌లో నల్లజాతి వాళ్లు కూడా ఉన్న మిలీషియాను (రాష్ట్ర ప్రభుత్వ సాయుధ దళాన్ని) వెంటేసుకుని, తెల్లవాళ్ల పెత్తనం కోసం ఆయుధాలు పట్టిన వైట్ లీగ్ మీద నిలబడినాడు. దక్షిణాది వాళ్లు ఆయన్ను ద్రోహి అన్నారు. గెటిస్‌బర్గ్ ఓటమికి ఈయనే కారణం అని జూబల్ అర్లీ లాంటి పాత దక్షిణాది జనరల్స్ గట్టిగా ఎత్తుకున్నది ఎప్పుడు? 1870లో లీ చనిపోయినాక, కాదని చెప్పేదానికి లీ లేనప్పుడు. కాబట్టి మీరు చదివే ప్రతి ఆరోపణ పక్కన అది ఎవరన్నారు, ఏ సంవత్సరంలో అన్నారు అని పెన్సిల్‌తో రాసుకోండి, సగం సంగతి అక్కడే బయటపడుతుంది. లాంగ్‌స్ట్రీట్ ఆత్మకథ 1896లో వచ్చింది, అది కూడా తనను తాను సమర్థించుకుంటూ రాసిందే, దానికీ ఇదే కొలత పెట్టండి.

చివర్లో ఎవరో ఒకరు లేచి మనకెందుకప్పా ఈ అమెరికా గోల అంటారు, దానికి పత్తి గురించి ఒక పేరా రెడీ పెట్టుకోండి. దక్షిణాది రేవుల్ని ఉత్తరాది నౌకలు మూసేస్తే ఇంగ్లాండ్ మిల్లులు మన దేశం పత్తి మీద పడినాయి, రేట్లు అమాంతం లేచినాయి, 1865లో యుద్ధం ఆగిపోతానే పడిపోయినాయి. అప్పట్లో ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది, కాబట్టి పాత రికార్డుల్లో వెతికేటప్పుడు బళ్లారి కింద చూడండి, కర్నూలు కింద దొరకదు.