పిల్లల డాక్టర్లు రీసెర్చ్‌లోకి రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

ఎంబీబీఎస్‌లోనో పీడియాట్రిక్స్ పీజీలోనో ఉన్నవాళ్లు నన్ను ముందు అడిగేది గ్రాంట్ ఎక్కడ దొరుకుతుందనే. నేనైతే, వార్డులో మిమ్మల్ని వదలకుండా తొలిచేస్తున్న ప్రశ్న ఏదో ఒక్క వాక్యంలో రాసి చూపించమంటాను. "తక్కువ బరువుతో పుట్టిన పిల్లలు" అంటే అది టాపిక్. "మా ఎస్ఎన్‌సీయూ (జబ్బుపడ్డ నవజాత శిశువుల ప్రత్యేక వార్డు) నుంచి ఇంటికెళ్లిన తక్కువ బరువు పిల్లల్లో నెలలోపే మళ్లీ అడ్మిట్ అయ్యేది ఎంతమంది, ఎందుకు" అంటే అదీ ప్రశ్న. సగం డేటా మీ రిజిస్టర్లలోనే ఉంటుంది.

ఎంబీబీఎస్‌లో ఉంటే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ల ఎస్టీఎస్, అంటే విద్యార్థులకు చిన్న రీసెర్చ్ ప్రాజెక్టు ఇచ్చే పథకం, వదలొద్దు. 1979 నుంచి నడుస్తోంది, పని 2 నెలలే. రిపోర్ట్ ఓకే అయ్యాకే స్టైపెండ్, సర్టిఫికెట్ ఇస్తారు. ప్రొపోజల్ రాయడం, గడువులోగా పూర్తి చేయడం ఆ వయసులోనే అలవాటైతే తర్వాత చాలా తేలిక. పీజీలో ఉంటే మీ థీసిసే మీ మొదటి ప్రాజెక్టు, సీనియర్ థీసిస్‌లో ఏడాది మార్చి పెట్టేయకండి, దయచేసి.

పిల్లలతో పని కాబట్టి ఒక్క విషయం కాస్త ఎక్కువ చెప్తాను. తల్లిదండ్రుల సంతకం ఒక్కటే సరిపోదు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం 7 నుంచి 12 ఏళ్ల పిల్లలైతే తల్లిదండ్రుల ముందే నోటిమాటగా ఆ పిల్లల ఒప్పుకోలు తీసుకోవాలి, 12 దాటి 18 లోపైతే రాతలో తీసుకోవాలి. పిల్లల ఒప్పుకోలు కోసం రాసిన నా మొదటి ఫారంలో "రక్త నమూనా సేకరించబడును" అని రాస్తే, రీసెర్చ్‌కి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ వెనక్కి పంపింది. "నీ చేతిలోంచి కొంచెం రక్తం తీస్తాం, చీమ కుట్టినట్టు ఉంటుంది, వద్దంటే తియ్యం, అయినా నీకు మందులు ఇస్తాం" అని మార్చాను. తొమ్మిదేళ్ల పాప అది విని "వద్దంటే డాక్టరమ్మ తిట్టదా?" అని అడిగింది. ఆ భయం పోయేదాకా కూర్చుని మాట్లాడటం కూడా రీసెర్చ్‌లో భాగమే. మందు ట్రయల్ అయితే మొదటి పేషెంట్‌ను చేర్చుకోకముందే సీటీఆర్ఐలో (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ ఆన్‌లైన్ రిజిస్టర్) నమోదు చేయాలి, 2018 ఏప్రిల్ 1 నుంచి అది తప్పనిసరి.

ఇక పెద్ద డబ్బు. కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ), బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి 2008-09లో మొదలుపెట్టిన ఇండియా అలయన్స్ ఆఫీసు మన హైదరాబాద్‌లోనే ఉంది. డాక్టర్లకూ ఫెలోషిప్‌లు ఇస్తుంది. మూడో విడతకు 2025 అక్టోబర్‌లో కేంద్ర కేబినెట్ ఒప్పుకున్న మొత్తం 1,500 కోట్లు, అందులో 500 కోట్లు వెల్‌కమ్‌వి. ఎర్లీ కెరీర్, ఇంటర్మీడియట్ ఫెలోషిప్‌ల నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి.

కానీ డబ్బొచ్చినా ఓపీ, నైట్ డ్యూటీ, క్యాజువాల్టీ మధ్య నలిగిపోతే ఆ ప్రాజెక్టు ముందుకు కదలదు, నేను చూసిన వాటిలో చాలావరకు ఆగిపోయింది ఇక్కడే. అందుకే అప్లికేషన్ పంపేముందే మీ హెచ్ఓడీ (విభాగాధిపతి) దగ్గర కూర్చోండి, వారంలో ఏయే రోజులు రీసెర్చ్‌కి వదిలేస్తారో, ఆ రోజుల్లో మీ డ్యూటీ ఎవరు చూస్తారో పేరుతో సహా కాగితం మీద రాయించుకోండి.