అప్పు చరిత్ర లేనివాళ్లు క్రెడిట్ కార్డు మీద అప్పు ఎలా వాడుకోవాలి?

ఇప్పటిదాకా ఎక్కడా లోను తీసుకోలేదు, ఎవరికీ చిల్లిగవ్వ బాకీ లేదు. అలాంటివాళ్లకే కార్డు ఇవ్వడానికి బ్యాంకులు వెనకాడతాయి. మీరు తీసుకున్నది తిరిగి కడతారో లేదో చెప్పే ఆధారం వాళ్ల చేతిలో లేకపోవడమే కారణం. కార్డు దొరికాక కూడా ఇబ్బంది అక్కడితో పోదు. పదేళ్ల రికార్డులో ఒక నెల ఆలస్యమైతే నూట ఇరవైలో ఒకటి. నాలుగు నెలల రికార్డులో అదే ఆలస్యం నాలుగింట ఒకటి. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఈ లెక్క నుంచి పుట్టినవే.

1. ముందు మీ రిపోర్టు చూసుకోండి

క్రెడిట్ బ్యూరో (ఎవరు ఎంత అప్పు తీసుకున్నారో, ఎలా కట్టారో రికార్డు ఉంచే సంస్థ) నుంచి మీ రిపోర్టు తెప్పించుకోండి. సొంత రిపోర్టు చూసుకున్నందుకు స్కోరు, అంటే ఆ రికార్డును బట్టి మీకు వేసే అంకె, తగ్గదు. అది ఖాళీగా ఉంటే చింత లేదు. మీకు తెలియని లోను ఉన్నా, ఎప్పుడో వేరేవాళ్ల అప్పుకు పెట్టిన హామీ సంతకం బయటపడినా, పుట్టిన తేదీ తప్పుపడినా దరఖాస్తు పెట్టకముందే సరిచేయించుకోవాలి.

2. దొరికే కార్డుకే దరఖాస్తు పెట్టండి

చరిత్ర లేనివాళ్లకు సులువుగా దొరికేది డిపాజిట్ మీద ఇచ్చే కార్డు. కొంత సొమ్ము బ్యాంకులో కట్టి ఉంచితే దాదాపు అంత లిమిట్‌తో (కార్డు మీద వాడుకోగల గరిష్ఠ మొత్తం) కార్డు ఇస్తారు. చాలామంది పొరబడేది ఇక్కడే: డిపాజిట్ ఉంది కదా, బిల్లు అందులోంచి పోతుందిలే అనుకుంటారు. పోదు. డిపాజిట్ హామీ మాత్రమే, బిల్లు ప్రతి నెలా విడిగా కట్టాలి. కట్టకపోతే ముందు రికార్డు చెడుతుంది, ఆ తర్వాతే డిపాజిట్ మీద చెయ్యి పడుతుంది.

ఒప్పుకునేముందు రెండు అడగండి. ఈ కార్డు వివరాలు బ్యూరోకు పంపుతారా? ఏటా ఫీజు ఎంత? మొదటిదానికి జవాబు ‘లేదు’ అయితే ఆ కార్డుతో చరిత్ర ఏర్పడదు.

ఇంట్లోవాళ్ల కార్డు మీద అదనపు కార్డు తీసుకోవడం ఇంకో దారి. దాని చరిత్ర మీ పేరున చేరుతుందో లేదో బ్యాంకును బట్టి ఉంటుంది. చేరే చోట వాళ్ల ఆలస్యాలు కూడా చేరతాయని మర్చిపోవద్దు.

ఒకేసారి నాలుగు బ్యాంకులకు దరఖాస్తు పెట్టవద్దు. ప్రతి దరఖాస్తూ రిపోర్టులో విచారణగా నమోదవుతుంది; వరసగా కనిపిస్తే డబ్బుకు కటకటలాడుతున్నారని అర్థం చేసుకుంటారు. ఒకరు కాదంటే కారణం కనుక్కుని కొన్ని నెలలు ఆగండి.

3. మొదటి ఆరు నెలలు అప్పు పెట్టుకోకండి

నెలకు ఒకటి రెండు చిన్న ఖర్చులు కార్డు మీద పెట్టి, బిల్లు మొత్తం కట్టేయండి. అమెరికాలో ఎక్కువగా వాడే ఫైకో స్కోరు లెక్కలో కనీసం ఆరు నెలల వయసున్న ఖాతా ఒకటి లేకపోతే అసలు స్కోరే రాదు. స్కోరులో 35 శాతం బరువు సమయానికి కట్టిన చరిత్రదే. మరో 30 శాతం ఎంత బాకీ ఉందన్నదానిది.

ఈ ఆరు నెలల్లో రెండు తేదీలు కంఠతా రావాలి: బిల్లు తేదీ, గడువు తేదీ. బిల్లు 5న వచ్చి గడువు 25 అయితే, 6వ తేదీన కొన్నదానికి దాదాపు 50 రోజులు వడ్డీ ఉండదు. అదే వస్తువు 4న కొంటే 21 రోజులే. ఆటో డెబిట్ పెట్టుకుంటే ‘మొత్తం బాకీ’ అని ఎంచుకున్నారో లేదో ఒకటికి రెండుసార్లు చూడండి. ‘కనీస మొత్తం’ (బిల్లులో ఆ నెలకు తప్పక కట్టాల్సిన చిన్న భాగం) మీద ఉండిపోయి, అంతా కట్టేస్తున్నామనుకుని నెలల తరబడి వడ్డీ పోసేవాళ్లు తక్కువేం కాదు.

4. అప్పు తీసుకునేముందు కాగితం మీద లెక్క వేయండి

పదివేలు బాకీ, నెలకు 3 శాతం వడ్డీ, కనీస మొత్తం బాకీలో 5 శాతం అనుకుందాం. మొదటి నెల కట్టే 500లో 300 వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది 200. కొత్తగా ఏమీ కొనకుండా కనీస మొత్తమే కడుతూ పోతే బాకీ సగానికి రావడానికి 34 నెలలకు పైనే పడుతుంది. ఆ అయిదు వేల అసలు తీర్చడానికి మీరు పోసే వడ్డీ ఏడున్నర వేలు! అదే పదివేలను నెలకు 1,846 చొప్పున కడితే ఆరు నెలల్లో తీరుతుంది, వడ్డీ మొత్తం 1,076 దాటదు. నెలకు ఎంత కట్టగలరో ముందు తేల్చుకుని, దాన్నిబట్టి అప్పు ఎంతో నిర్ణయించండి.

బ్యాంకు కిస్తీలుగా మారుస్తానంటే తరచూ అదే నయం, కానీ ‘ఫ్లాట్’ వడ్డీయా (మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వేసేది), తగ్గే బాకీ మీద వడ్డీయా అడగండి. ఏడాది కిస్తీలకు 12 శాతం ఫ్లాట్ అంటే నిజానికి దాదాపు 21.5 శాతం. ప్రాసెసింగ్ ఫీజు దానికి అదనం.

ఒక బిల్లు పూర్తిగా కట్టకపోతే, చాలా కార్డుల్లో వడ్డీలేని గడువు పోతుంది. ఆ తర్వాత కొన్న ప్రతి వస్తువుకూ కొన్న రోజు నుంచే వడ్డీ. అందుకే అప్పు తీరేదాకా ఆ కార్డును పక్కన పెట్టి, రోజువారీ ఖర్చులు చేతిలో ఉన్న డబ్బుతో చేసుకోవాలి. ఏటీఎంలో కార్డుతో నగదు తీయడమైతే అసలే వద్దు. తీసిన క్షణం నుంచే వడ్డీ, పైగా ఫీజు.

5. లిమిట్‌లో ఎంత వాడారో చూసుకోండి

లిమిట్ పదివేలైతే ఏడు వేల కొనుగోలుకే వాడకం 70 శాతానికి చేరుతుంది. లక్ష లిమిట్ ఉన్నవాళ్లకు అదే కొనుగోలు 7 శాతం. బ్యూరోకు సాధారణంగా వెళ్లేది బిల్లు రోజున ఉన్న బాకీ. కాబట్టి బిల్లు రాకముందే అయిదు వేలు కట్టేస్తే రికార్డులో 20 శాతమే పడుతుంది. 30 శాతం లోపు ఉంచమని అందరూ చెబుతుంటారు. 31 అయితే కొంప మునగదు, తక్కువ ఉన్నకొద్దీ మంచిది.

6. కట్టలేని నెల వస్తే

గడువు దాటకముందే బ్యాంకుకు ఫోన్ చేసి కిస్తీ మార్పో, వాయిదానో అడగండి. దాటాక అడిగితే బేరానికి బలం ఉండదు. ఏదీ కుదరకపోతే కనీస మొత్తమైనా కట్టండి: వడ్డీ పడుతుంది గానీ ఆలస్యం నమోదు కాదు. కనీసానికి ఏమాత్రం తగ్గినా కట్టనట్టే లెక్క.

బాకీ అంతా కట్టేశాక కూడా మరుసటి బిల్లు తెరిచి చూడండి. బిల్లు తేదీకీ మీరు కట్టిన రోజుకీ మధ్య నడిచిన వడ్డీ చిన్న మొత్తంగా అందులో కనిపిస్తుంది. అప్పు తీరిపోయిందిలే అని దాన్ని వదిలేసినవాళ్లకు ఆలస్య రుసుము పడుతుంది, రికార్డులో మచ్చా పడుతుంది. సున్నా బాకీ చూపించే బిల్లు వచ్చేదాకా ఖాతా మీద కన్నేసి ఉంచండి.