ఊళ్లో షటిల్ కోర్టు: ముందు దిక్కు, నేల, ఆ తర్వాతే లైట్లు

బడి ఆవరణలోనో కాలనీ ఖాళీ జాగాలోనో షటిల్ కోర్టు వేద్దామనుకోగానే చందాలన్నీ లైట్లకే పోతుంటాయి. లైట్లు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. దిక్కు తప్పినా, నేల కుంగినా మళ్లీ మొదటి నుంచి తవ్వుకోవాలి.

కోర్టు పొడవు 44 అడుగులు, వెడల్పు 20. వెనక ఆరేసి, పక్కల నాలుగేసి అడుగులు వదిలితే 56కు 28 అడుగుల జాగా కావాలి. పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉంచండి. తూర్పు పడమరలుగా వేస్తే పొద్దున ఒక వైపు వాళ్లకు, సాయంత్రం రెండో వైపు వాళ్లకు ఎండ కళ్లలో కొడుతుంది, పైకి లేచిన కాక్ కనపడదు. ప్రహరీ చాటు దొరికితే గాలి బాధ కూడా తగ్గుతుంది.

నల్లరేగడి మీద నేరుగా మొరం పోయకండి. అది వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చి పైపొరను కూడా చీల్చేస్తుంది. అడుగు లోతు తీసేసి, మొరాన్ని నాలుగంగుళాల పొరలుగా పోసి, ప్రతి పొరనూ తడిపి రోలర్ తిప్పాలి. ఒకేసారి అడుగు మందం పోస్తే పైపైనే గట్టిపడుతుంది, తొలి వానకే గుంతలు పడతాయి. ఒక పక్క నుంచి రెండో పక్కకు మూడంగుళాల వాలు ఇస్తే నీళ్లు నిలవవు. సిమెంటు వేసే స్తోమత ఉన్నా మొదట మట్టి కోర్టే మేలు, మోకాళ్లు బాగుంటాయి. సిమెంటే వేస్తే నున్నగా తేల్చకుండా చీపురుతో గరుకు గీయించండి.

గీతలకు ముందు మూలలు సరిచూడాలి. నాలుగు మేకులు కొట్టి, తాడు కట్టి, టేపుతో ఐమూలగా కొలవండి. రెండు వైపులా 48 అడుగుల 4 అంగుళాలు రావాలి. తేడా వస్తే కోర్టు వంకర పోయినట్టే. నెట్ నుంచి ఆరున్నర అడుగులకు ముందు సర్వీసు గీత, వెనక గీతకు రెండున్నర అడుగులు లోపల డబుల్స్ సర్వీసు గీత, పక్క గీతకు అడుగున్నర లోపల సింగిల్స్ గీత. గీత మందం అంగుళంన్నర, అదీ కోర్టు కొలతలోనే కలుస్తుంది.

పోళ్లు డబుల్స్ పక్క గీతల మీదే నిలబడాలి. రెండంగుళాల జీఐ (తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన ఇనుప) పైపును రెండడుగులు కాంక్రీటులో దించితే, నేల పైన 5 అడుగుల 1 అంగుళం మిగలాలి. కాంక్రీటుకు వారం రోజులు నీళ్లు పట్టకుండా నెట్ బిగిస్తే పోళ్లు లోపలికి వాలిపోతాయి. నడుమ నెట్ ఎత్తు సరిగ్గా 5 అడుగులు.

లైట్ల స్తంభాలు పక్కల మాత్రమే, నెట్‌కు సూటిగా, 18–20 అడుగుల ఎత్తున పెట్టండి. కోర్టు వెనక పెడితే కాక్ కోసం తలెత్తినప్పుడల్లా వెలుగు కళ్లలో పడుతుంది. వీధి దీపం తీగకు కొక్కేలు తగిలించొద్దు, తడి నేల మీద అది ప్రాణం తీస్తుంది. విడిగా మీటరు తీసుకుని, ఎర్తింగ్ చేయించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించండి.

ఆటకు గంట ముందు నీళ్లు చిలకరిస్తే దుమ్ము లేవదు, ఎక్కువ పోస్తే జారుతుంది. ఇక ఆరుబయట ఆటకు నైలాన్ కాక్ నయం. వేడి గాలిలో కాక్ జోరుగా పోతుంది కాబట్టి ఎండాకాలం నెమ్మదిగా పోయే ఆకుపచ్చ పట్టీది, చలి రాత్రుల్లో దానికంటే జోరుగా పోయే నీలం పట్టీది తీసుకోండి. సందేహముంటే గాలి లేనప్పుడు వెనక గీత మీద నిలబడి కింది నుంచి బలంగా కొట్టి చూడండి. అవతలి వెనక గీతకు సుమారు రెండు మూడు అడుగులు ఇవతల పడితే అది మీ కోర్టుకు సరైన కాక్.