బేగంపేటలో ఎంఎంటీఎస్ ఎక్కే ముందు

హైదరాబాద్ లోకల్ రైళ్లయిన ఎంఎంటీఎస్‌కు లింగంపల్లి వైపు నుంచి వచ్చే దారి బేగంపేట దాటగానే రెండుగా చీలుతుంది కాబట్టి, ఇక్కడ ముందు వచ్చిన బండి ఎక్కేయడం సరికాదు. ఒక దారి సంజీవయ్య పార్కు, జేమ్స్ స్ట్రీట్ మీదుగా సికింద్రాబాద్ చేరి, కాచిగూడ, మలక్‌పేట దాటి ఫలక్‌నుమా వైపు సాగుతుంది. రెండవది హుస్సేన్‌సాగర్ ఒడ్డునే నెక్లెస్ రోడ్డు, ఖైరతాబాద్, లక్డీకాపూల్ మీదుగా నాంపల్లి చేరుతుంది. నగరవాసులు నాంపల్లి అనే ఆ స్టేషన్‌ను బోర్డుల మీద ‘హైదరాబాద్’ అని రాస్తారు. కొత్తవారు తడబడేది సరిగ్గా ఇక్కడే.

ఈ చీలిక ఎంఎంటీఎస్ తెచ్చిపెట్టినది కాదు. నిజాం కాలంలో వాడి (ఇప్పటి కర్ణాటకలోని జంక్షన్) నుంచి సికింద్రాబాద్‌కు లైను 1874లో వచ్చింది, నాంపల్లి స్టేషన్ 1907లో వెలిసింది. 2003 ఆగస్టు 9న మొదలైన ఎంఎంటీఎస్ ఆ పాత పట్టాల మీదనే నడుస్తోంది.

టికెట్ కౌంటర్‌లో తీసుకోవచ్చు, లేదా స్టేషన్‌కు చేరకముందే రైల్వే యాప్‌లో కొనవచ్చు. టికెట్ కొన్నాక దాని గడువులోపు ప్రయాణం మొదలుపెట్టాలి. టికెట్ లేకుండా దొరికితే ఛార్జీకి అదనంగా కనీసం 250 రూపాయలు కట్టవలసి వస్తుంది కనుక, ఐదు పది రూపాయల దగ్గర పొదుపు చేయబోవడం తెలివైన పని కాదు. 2025 మే 22న అమృత్ భారత్ పథకం కింద పునర్నిర్మించిన బేగంపేట స్టేషన్‌ను ప్రారంభించాక లిఫ్టులు, ఎస్కలేటర్లు అందుబాటులోకి వచ్చాయి. వృద్ధులను వెంటబెట్టుకొని వెళ్లేవారికి ఇది పెద్ద ఊరట.

బండి వచ్చేటప్పుడు దాని ముందున్న గమ్యం పేరును, ప్రకటనలోని నంబరును చూసుకోవాలి. ఎంఎంటీఎస్ నంబర్లు 47తో మొదలవుతాయి. మెట్రోలా నిమిషాల తేడాతో బండ్లు రావు, ఆదివారాల్లో కొన్ని సర్వీసులు రద్దవుతూ ఉంటాయి కూడా. అందువల్ల ఇంటి నుంచి బయలుదేరే ముందే వేళలు చూసుకోవడం మేలు.

అయినా పొరపాటున ఖైరతాబాద్‌కు వెళ్లవలసినవారు ఫలక్‌నుమా బండి ఎక్కితే సికింద్రాబాద్‌లో దిగి, సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రోలో నీలి లైను ఎక్కి, అమీర్‌పేటలో ఎర్ర లైనుకు మారవచ్చు. మలక్‌పేటకు వెళ్లవలసి ఉండి నాంపల్లి చేరినవారికి పని మరింత సులువు: అదే ఎర్ర లైను నాంపల్లి నుంచి నేరుగా మలక్‌పేటకు తీసుకెళ్తుంది.