గేరు మొరాయించే పాత స్పోర్ట్స్ కారు: గేర్‌బాక్సు దింపే ముందు చూడవలసినవి

పాత స్పోర్ట్స్ కారులో గేరు సులువుగా పడక, రాడ్డును బలం పెట్టి నెట్టవలసి వస్తున్నప్పుడు యజమాని అనుమానం నేరుగా గేర్‌బాక్సు మీదికే పోతుంది. నా అనుభవంలో ఇలాంటి ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం బాక్సు బయటే ఉంటుంది: క్లచ్చిలోనో, రాడ్డు నుంచి బాక్సు దాకా వెళ్లే లింకేజీలోనో, పోసిన ఆయిల్‌లోనో. బాక్సు దింపి విప్పడం రోజుల తరబడి సాగే పని, పైగా మళ్లీ దొరకని భాగాలు ఆ క్రమంలో దెబ్బతినవచ్చు. దోషం ఏ వైపున ఉందో తేల్చే పరీక్షకు మాత్రం కొద్ది నిమిషాలు చాలు.

కారును చదునైన చోట నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజన్ ఆపి ఉండగా అన్ని గేర్లూ ఒక్కొక్కటిగా వేసి చూడండి. తర్వాత ఇంజన్ నడుపుతూ, క్లచ్చిని పూర్తిగా తొక్కి అదే పని మళ్లీ చేయండి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు ఒకోసారి పళ్లకు పళ్లు ఎదురుపడి గేరు పడదు. అది దోషం కాదు, కారును జానెడు ముందుకు తోసి మళ్లీ ప్రయత్నించాలి. ఈ రెండు పరీక్షల మధ్య కనిపించే తేడాయే మిగతా పనికంతా దారి చూపుతుంది.

ఇంజన్ ఆపితే తేలిక, నడుస్తుంటే కష్టం

ఇది క్లచ్చి పూర్తిగా విడవడం లేదనడానికి గుర్తు. పెడల్ తొక్కినా క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌ను (ఇంజన్‌తో కలిసి తిరిగే బరువైన చక్రం) ఎంతో కొంత రాసుకుంటూనే ఉంటే, గేర్‌బాక్సు లోపలి షాఫ్టు ఆగకుండా తిరుగుతుంది. గేరు పడే ముందు వేగాలను సమం చేసే చిన్న ఇత్తడి సింక్రో రింగు ఇంజన్ బలానికి ఎదురు నిలవలేక గేరును అడ్డుకుంటుంది. నిర్ధారించుకోవాలంటే క్లచ్చి తొక్కి పట్టుకుని అయిదు లెక్కపెట్టి, మెల్లగా రివర్స్ వేయండి. చాలా పాత కార్లలో రివర్స్‌కు సింక్రో ఉండదు కాబట్టి, అప్పటికీ కరకరమంటే షాఫ్టు ఇంకా తిరుగుతున్నట్టే. ఐడ్లింగ్ వేగం ఉండవలసిన దానికంటే ఎక్కువగా ఉన్నా ఇదే లక్షణం కొంత కనిపిస్తుంది, అందుకని ముందుగా దాన్ని సరిచేయండి. పెడల్ వెనక మందపాటి కార్పెట్ చేరి పెడల్‌ను అడుగు దాకా పోనివ్వడం లేదేమో కూడా చూడండి. చాలామంది మరచిపోయేది ఇదే.

క్లచ్చి హైడ్రాలిక్ పద్ధతిలో పనిచేసేదయితే, పెడల్‌ను రెండు మూడు సార్లు గబగబా తొక్కి గేరు వేయండి. అప్పుడు సులువుగా పడితే లైనులో గాలి చేరిందనో, మాస్టర్ సిలిండర్ (పెడల్ దగ్గర ఫ్లూయిడ్‌ను నెట్టేది) సీలు అరిగిందనో అర్థం. ఒకరు పెడల్ తొక్కుతుండగా మరొకరు కారు కింద, క్లచ్చి దగ్గర ఉండే స్లేవ్ సిలిండర్ పుష్‌రాడ్ (నెట్టే కడ్డీ) ఎంత దూరం కదులుతోందో స్కేలుతో కొలిచి, వర్క్‌షాప్ మాన్యువల్‌లోని కొలతతో పోల్చాలి. కదలిక తక్కువగా ఉంటే స్లేవ్ నుంచి వెనక్కి, పెడల్ దాకా ఒక్కొక్కటే చూసుకుంటూ రండి: స్లేవ్ సీలు, తొక్కినప్పుడు ఉబ్బే పాత రబ్బరు గొట్టం, మాస్టర్ సిలిండర్, చివరికి పెడల్‌ను మాస్టర్ పుష్‌రాడ్‌కు కలిపే పిన్ను. ఈ పిన్ను ఎంతో చిన్నది, కానీ ఎంజీబీ వంటి కార్లలో అది అరిగి, దాని రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోవడం తరచూ కనిపిస్తుంది. అక్కడ పోయిన ప్రతి మిల్లీమీటరూ మాస్టర్ పిస్టన్ ప్రయాణంలో పూర్తిగా తగ్గిపోతుంది. పిన్నునూ, అవసరమైతే పుష్‌రాడ్ ఫోర్కునూ మార్చి, లైనులో గాలి తీసి మళ్లీ కొలవండి. ఈ లైనులో ఉండే బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుని సిలిండర్ల లోపలి గోడలను తుప్పు పట్టిస్తుంది కాబట్టి, కారు తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకోసారి మార్చడం మంచిది.

కేబుల్ క్లచ్చి ఉన్న కార్లలో పని ఇంకా సులువు. టర్బో కాని పోర్షే 911లో 1986 మోడల్ దాకా కేబులే ఉండేది, 1987లో జీ50 గేర్‌బాక్సుతోపాటు హైడ్రాలిక్ క్లచ్చి వచ్చింది. కేబుల్ రెండు కొనల దగ్గర తీగలు విడిపోయి ఉన్నాయేమో చూసి, ఫ్రీప్లేను (క్లచ్చి పనిచేయడం మొదలయ్యే ముందు పెడల్ ఖాళీగా కదిలే దూరం) మాన్యువల్ ప్రకారం అమర్చండి.

స్లేవ్ కదలిక సరిగానే ఉన్నా క్లచ్చి విడవకపోతే దోషం బెల్ హౌసింగ్ (క్లచ్చిని కప్పి ఉంచే గంట ఆకారపు పెట్టె) లోపల ఉంది. ఎక్కువ కాలం నిలిపి ఉంచిన కారులో ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కు అంటుకుపోతుంది, లేదా షాఫ్టు మీది పొడవాటి గాడులు (స్ప్లైన్లు) ఎండిపోయి ప్లేటు ముందుకూ వెనక్కూ జరగలేకపోతుంది. క్రాంక్‌షాఫ్టు (ఇంజన్ ప్రధాన షాఫ్టు) చివరన ఉండి గేర్‌బాక్సు షాఫ్టు కొనను మోసే పైలట్ బుష్ బిగుసుకుపోతే ఇంకా ఇబ్బంది, ఎందుకంటే అప్పుడు క్లచ్చి ఎంత బాగా విడిచినా షాఫ్టు క్రాంక్‌తో కలిసి తిరుగుతూనే ఉంటుంది, పెడల్ సర్దుబాట్లు ఎన్ని చేసినా ఫలితం ఉండదు. ట్రయంఫ్ టీఆర్6లో క్లచ్ ఫోర్కును దాని అడ్డ షాఫ్టుకు పట్టి ఉంచే మొనదేలిన పిన్ను విరగడం కూడా బాగా తెలిసిన సంగతే. నిన్నటి దాకా బాగున్న పెడల్ ఒక్కసారిగా తేడాగా అనిపిస్తే మొదట దాన్నే అనుమానించాలి.

ఇంజన్ ఆపినా బిగుతే

ఇక్కడ క్లచ్చికి సంబంధం లేదు. లింకేజీని గేర్‌బాక్సు దగ్గర విడదీసి, రాడ్డును కదిలించి చూడండి. అప్పటికీ బిగుతుగా ఉంటే దోషం రాడ్డు కింది కీలులోనో, మధ్యలోని బుష్‌లలోనో ఉంది. రాడ్డు తేలిగ్గా ఆడుతూ, బాక్సు నుంచి వచ్చే షాఫ్టును చేత్తో కదిపినప్పుడు మాత్రం బిగుతుగా ఉంటే అప్పుడే బాక్సు లోపల అనుమానించాలి. ఈ ఒక్క పరీక్ష చేయకుండా ఎవరూ బాక్సు దింపకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇంజన్ వెనక ఉన్న కార్లలో రాడ్డుకూ బాక్సుకూ మధ్య దూరం ఎక్కువ, అందుకే బుష్‌ల ప్రభావం కూడా ఎక్కువ. నేను చూసిన అలాంటి ఒక కారులో సీట్ల మధ్య ఉన్న చిన్న మూత విప్పి, రాడ్డును బాక్సు వైపు షాఫ్టుకు కలిపే కప్లింగ్‌లో వేలు పెడితే, లోపలి ప్లాస్టిక్ బుష్ ఎండిన మట్టి పెంకులా పొడిపొడిగా రాలింది. గేరులో ఉండగానే రాడ్డు రెండు వేళ్ల వెడల్పున అటూఇటూ ఊగుతోంది. ఆ కారుకు గేర్‌బాక్సు మరమ్మతు చేయించాలని అప్పటికే నిర్ణయమైపోయింది. కొత్త బుష్‌లు వేసి, కప్లింగ్ మళ్లీ బిగించేసరికి అన్ని గేర్లూ వేళ్లతోనే పడ్డాయి. ఇలా చేసేటప్పుడు బిగింపు వదులు చేయకముందే రెండు భాగాల మీదా పెయింటుతో ఒక గీత గీసి పెట్టుకోవాలి, లేకపోతే పాత స్థానం దొరకక ఒక గేరు బాగుపడి మరో గేరు పాడవుతుంది. ఇంజన్, గేర్‌బాక్సు మౌంట్ల రబ్బరు కుంగి ఉంటే లింకేజీ కొలతలన్నీ తప్పుతాయి, కాబట్టి వాటిని ముందు మార్చి ఆ తర్వాతే సర్దుబాటు చేయండి.

చలిగా ఉన్నప్పుడే ఇబ్బంది

ఇంజన్ వేడెక్కాక గేర్లు సర్దుకుంటే అది ఎక్కువగా ఆయిల్ సంగతి. ముందు మట్టం చూడండి, తర్వాత రకం చూడండి. ఎంజీబీ గేర్‌బాక్సులో పోయవలసింది 20డబ్ల్యూ-50 ఇంజన్ ఆయిలే. గేర్ ఆయిలే కదా మేలని చిక్కటిది పోస్తే గేరు బిగుసుకుంటుంది. గేర్ ఆయిళ్ల శ్రేణుల్లో జీఎల్-4 అడిగిన బాక్సులో జీఎల్-5 పోయడం మరో తరచు పొరపాటు. సింక్రో రింగు తన శంకువును రాసుకుని పట్టు చిక్కించుకుంటేనే వేగాలు సమమవుతాయి, ఆ పట్టును జారుడెక్కువైన ఆయిల్ తగ్గిస్తుంది; కొన్ని జీఎల్-5 ఆయిళ్లలోని గంధకపు మిశ్రమాలు ఇత్తడిని కూడా తింటాయి. డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తిని పంచే గేర్ల కూర్పు) కూడా అదే ఆయిల్‌లో తిరిగే కార్లలో మాన్యువల్ చెప్పిన రకం తప్ప మరొకటి పోయకండి.

పాత ఆయిల్ తీసేటప్పుడు డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతాన్ని జాగ్రత్తగా చూడండి. బూడిదరంగు మెత్తని ముద్ద మామూలే. ఆయిల్‌లో బంగారు రంగు మెరుపు కనిపిస్తే ఇత్తడి రింగులు అరుగుతున్నాయి. వేలికి గుచ్చుకునే ముక్కలుంటే పళ్లు విరుగుతున్నట్టే, ఇక కారు నడపకూడదు.

ఒక హెచ్చరిక: ఫెరారీ 308లోనూ, 915 గేర్‌బాక్సు ఉన్న 911లోనూ చలిలో రెండో గేరు కొంత మొండికేయడం వాటి సహజ స్వభావం. ఆయిల్ వేడెక్కే దాకా తొందరపడకుండా వేయాలే గాని, బలం పెట్టి రింగులు పాడుచేసుకోకూడదు.

ఒక్క గేరే మొరాయిస్తే

ఆ గేరుకు మారేటప్పుడు డబుల్ డీక్లచ్ చేయండి: క్లచ్చి తొక్కి న్యూట్రల్‌లోకి తెచ్చి, విడిచి, కింది గేరుకు దిగేటప్పుడు యాక్సిలరేటర్ కొద్దిగా ఇచ్చి, మళ్లీ తొక్కి గేరు వేయాలి. ఇలా చేస్తే మెత్తగా పడితే ఆ గేరు సింక్రో అరిగింది. ఇలా చేసినా పడకపోతే గేరును జరిపే సెలెక్టర్ ఫోర్కునో, దాన్ని స్థానంలో నిలిపే డిటెంట్ స్ప్రింగునో అనుమానించాలి. 3.8 లీటర్ల జాగ్వార్ ఈ-టైప్‌లోనూ, 1967కు ముందటి ఎంజీబీలోనూ మొదటి గేరుకు అసలు సింక్రోయే లేదు కాబట్టి, కారు కదులుతుండగా అది అరవడం దోషం కాదు.

సింక్రో అరిగిందని తేలితే మాత్రం బాక్సు దింపక తప్పదు. దింపినప్పుడు పైలట్ బుష్, క్లచ్చిని విడిపించే రిలీజ్ బేరింగ్, క్రాంక్ వెనక సీలు కూడా మార్చేయండి, ఎందుకంటే వాటికోసం మరోసారి దింపాలంటే శ్రమంతా మళ్లీ మొదటి నుంచే. కొత్త రింగులు తమ శంకువుల మీద కుదురుకునే దాకా, అంటే మొదటి కొన్ని వందల కిలోమీటర్లు, గేర్లు నింపాదిగా మార్చి, ఆ తర్వాత ఆయిల్ ఒకసారి తీసి కొత్తది పోయండి.