పిల్లల టీచర్‌కి ఇంగ్లీష్‌లో మెసేజ్ పెట్టాలంటే భయమేస్తోందా, ఇలా రాయండి

మొన్న మా అపార్ట్‌మెంట్స్ పార్క్‌లో ఒక చెల్లి బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో ఏదో టైప్ చేస్తోంది, చెరిపేస్తోంది, మళ్ళీ టైప్ చేస్తోంది. ఏంటమ్మా అంటే "పాపకి జ్వరం అక్కా, రేపు పంపనని టీచర్‌కి చెప్పాలి, మా ఆయనేమో మీటింగ్‌లో ఉన్నారు" అంది. రెండు లైన్ల మెసేజ్ కోసం మొగుడి మీటింగ్ అయ్యేదాకా ఆగడం అంటే ఏంటో నాకు బాగా తెలుసు, నేనూ రెండేళ్ళు అలా ఆగినదాన్నే. పదో తరగతి దాకా తెలుగు మీడియం, డిగ్రీ ఎలాగో గట్టెక్కించి, పెళ్ళయి ఇక్కడ డల్లాస్‌లో పడ్డాను. ఇంగ్లీష్ చదివితే అర్థమవుతుంది, రాయాలంటే మాత్రం చెయ్యి ఆగిపోతుంది. మీదీ అదే పరిస్థితి అయితే ఇది మీకే. ఇంగ్లీష్ వాక్యాలు కూడా తెలుగు లిపిలోనే రాస్తున్నా, మీరు టైప్ చేసేప్పుడు ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టుకోండి.

ముందు నా ఘనకార్యం ఒకటి చెప్తా. మావాడు ఫస్ట్ గ్రేడ్‌లో ఉన్నప్పుడు మా అత్తగారు ఇండియా నుంచి వస్తున్నారు. నేను టీచర్‌కి మెసేజ్ మొదలుపెట్టి అత్తగారు వస్తున్నారు, ఫ్లైట్ ఇన్నింటికి, మావాడికి నానమ్మంటే ప్రాణం, మా ఆయన ఎయిర్‌పోర్ట్‌కి వెళ్తున్నారు అని కథంతా రాసి, పన్నెండో లైన్లో "అందుకని ఈ రోజు వాణ్ణి బస్ ఎక్కించొద్దు, నేనే వచ్చి తీసుకెళ్తా" అని రాశాను. ఆవిడ క్లాసులో ఉంటే ఫోన్ మీద కనిపించేది మొదటి రెండు లైన్లే కదా, నానమ్మ వస్తోందట, మంచిదే అనుకుని ఉంటుంది. నేను స్కూల్ ముందు కార్ లైన్లో నిలబడ్డా, వాడు బస్‌లో వెళ్ళిపోయాడు, స్టాప్‌లో ఎవరూ లేరని డ్రైవర్ మళ్ళీ స్కూల్‌కే తెచ్చి దింపాడు. ఆ నలభై నిమిషాలు నా ప్రాణం నా దగ్గర లేదు.

తప్పు గ్రామర్‌లో లేదు చూడండి. మనం మాట్లాడేప్పుడు ముందు సంగతి సందర్భం అంతా చెప్పి చివర్లో అడుగుతాం, అదే మనకి మర్యాద. ఒకళ్ళింటికి అప్పుకెళ్ళినా ముందు కాఫీ తాగి, పిల్లలెలా ఉన్నారని అడిగి, లేచేముందు కదా డబ్బుల మాట ఎత్తేది. ఇక్కడ టీచర్‌కి ఇరవైమంది పిల్లలు, ఇరవైమంది అమ్మానాన్నలు. అసలు విషయం మొదటి లైన్లో ఉండాలి, కారణం తర్వాత, అది కూడా ఒక్క ముక్క చాలు. "ఐ విల్ పిక్ అప్ మై సన్ టుడే. ప్లీజ్ డు నాట్ పుట్ హిమ్ ఆన్ ది బస్." అంతే, నానమ్మ సంగతి మావాడే చెప్పుకుంటాడు. ఇంకోటి, ఇంటికెళ్ళే పద్ధతి మారితే టీచర్‌కి మెసేజ్ పెట్టి వదిలేయకండి, మధ్యాహ్నం లోపే ఫ్రంట్ ఆఫీస్‌కి ఫోన్ చేసి కూడా చెప్పండి, టీచర్ పాఠం చెప్తూ ఫోన్ చూడకపోవచ్చు.

ఇప్పుడు పిలుపు. "రెస్పెక్టెడ్ మేడమ్" వద్దు, అది మన లీవ్ లెటర్ల బుద్ధి. "డియర్ టీచర్" అన్నా తప్పేం కాదు కానీ పేరు తెలిసి కూడా టీచర్ అంటే కాస్త పొడిగా ఉంటుంది. "హాయ్" అని, తర్వాత ఎం ఎస్ చుక్క పెట్టి ఆవిడ ఇంటిపేరు రాయండి. అది "మిజ్" అని పలుకుతారు, పెళ్ళయిందా లేదా అన్న గొడవ ఉండదు. మగ టీచర్ అయితే మిస్టర్. చివర్లో మీ పేరు, దాని పక్కన పిల్లాడి పేరు చెప్పి "వాళ్ళమ్మని" అని రాయండి, ఎందుకంటే మన పేర్లూ పిల్లల పేర్లూ రికార్డులో ముందువెనకలై ఉంటాయి, ఇంటిపేరు మొదట పడి ఆవిడకి ఎవరి తల్లో తెలియక రోస్టర్ వెతుక్కోవాల్సి వస్తుంది.

ఇక మర్యాద దగ్గరికొద్దాం, అసలు చిక్కంతా ఇక్కడే. మన భాషలో మర్యాద మాట తోకలో ఉంటుంది. పంపు అంటే చిన్నవాళ్ళకి, పంపండి అంటే పెద్దవాళ్ళకి, పంపుతారా అండీ అంటే ఇంకా మెత్తన. ఇంగ్లీష్‌లో ఆ తోక లేదు. మనం మనసులో "హోంవర్క్ పంపండి" అనుకుని రాసేది మాత్రం "సెండ్ ది హోంవర్క్" అవుతుంది, మన "అండి" దారిలో ఎక్కడో రాలిపోతుంది, అక్కడికి చేరేది "హోంవర్క్ పంపు" అన్నమాట. ముందు ప్లీజ్ తగిలించినా పూర్తిగా సరిపోదు, అప్పటికీ కాస్త ఆర్డర్‌లాగే ఉంటుంది. వాళ్ళ "అండి" ప్రశ్నలో ఉంటుంది. "కుడ్ యు ప్లీజ్ సెండ్ ది హోంవర్క్?" అని ప్రశ్న చేసెయ్యండి, మన పంపుతారా అండీ దిగిపోయినట్టే. చిన్న పనికి "కుడ్ యు ప్లీజ్" చాలు. వాళ్ళకి కాస్త శ్రమ అయ్యే పని, సీటు మార్చడం లాంటిది అయితే "వుడ్ ఇట్ బి పాసిబుల్ టు" అని మొదలుపెట్టండి. అలాగని అన్నీ కలిపి గుమ్మరించకండి, కైండ్లీ, హంబ్లీ, సారీ ఫర్ ది డిస్టర్బెన్స్ మూడుసార్లు, ఇదంతా చదివితే వాళ్ళకి ఏదో పెద్ద ఉపద్రవం వచ్చిందేమో అనిపిస్తుంది.

"వై" అనే మాటతో జాగ్రత్త. మనం "ఎందుకండీ తక్కువొచ్చాయి" అంటే గొంతులో మెత్తదనం ఉంటుంది, రాతలో గొంతుండదు. "వై డిడ్ యు గివ్ లెస్ మార్క్స్" అంటే నిలదీసినట్టే. "కుడ్ యు హెల్ప్ మి అండర్‌స్టాండ్ హిజ్ మ్యాథ్ గ్రేడ్?" అనండి. అలాగే "ఐ హావ్ ఎ డౌట్" అనొద్దు, మనకి డౌట్ అంటే ప్రశ్న, వాళ్ళకి డౌట్ అంటే నమ్మకం లేకపోవడం. క్వశ్చన్ అనండి. పిల్లాడు ఇంటికొచ్చి ఫలానావాడు నన్ను తోశాడు, టీచర్ ఏమీ అనలేదు అంటే మనకి రక్తం మరుగుతుంది, నిజమే, కానీ మనం విన్నది ఒకవైపే కదా. "హి టోల్డ్ మి దట్ ఎ క్లాస్‌మేట్ పుష్డ్ హిమ్ ఎట్ రీసెస్. డిడ్ యు నోటీస్ ఎనీథింగ్?" అంటే చాలు, విషయం వెళ్ళిపోయింది, ఎవరినీ ముద్దాయిని చెయ్యలేదు.

జబ్బుల విషయంలో మన ఇంగ్లీష్ వేరు, వాళ్ళది వేరు. నేనొకసారి "హి ఈజ్ హావింగ్ మోషన్స్" అని పెడితే ఆవిడకి ఏమీ అర్థంకాక వాడి వంట్లో ఎలా ఉందని తిరిగి అడిగింది. మోషన్స్‌కి వాంతులకి కలిపి "స్టమక్ బగ్" అంటే సరిపోతుంది, వివరాలు అక్కర్లేదు. "సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్" అంటే పెద్ద జబ్బులా వినిపిస్తుంది, "హి హాజ్ ఎ ఫీవర్" చాలు. జ్వరమైతే మందు వెయ్యకుండా 24 గంటలు జ్వరం లేకపోతేనే పంపమని చాలా స్కూళ్ళ రూలు, అందుకని ఎల్లుండి పంపుతారో లేదో కూడా అందులోనే రాసెయ్యండి. ఆ చెల్లికి పార్క్‌లో రాసిచ్చింది ఇదే: "మై డాటర్ హాజ్ ఎ ఫీవర్ అండ్ విల్ నాట్ బి ఎట్ స్కూల్ ఆన్ ట్యూస్‌డే. ఐ విల్ లెట్ యు నో అబౌట్ వెన్స్‌డే. కుడ్ యు ప్లీజ్ లెట్ మి నో వాట్ వర్క్ షి మిస్సెస్? థాంక్ యు." మీటింగ్ అవ్వకముందే వెళ్ళిపోయింది మెసేజ్.

తిండి గురించి రాసేప్పుడు "ప్యూర్ వెజ్" అనే మాట ఇక్కడ ఎవరికీ ఎక్కదు. ఏవి తినడో ఒక్కొక్కటే రాయండి, మీట్, చికెన్, ఫిష్, ఎగ్స్ అని. క్లాస్ పార్టీల్లో ఇచ్చే మార్ష్‌మాలోస్‌లో, గమ్మీస్‌లో మామూలుగా జెలటిన్ ఉంటుంది, అది జంతువుల నుంచి తీసేది, మీకు పట్టింపు ఉంటే ఆ మాట కూడా చేర్చండి. కానీ తినకపోవడాన్ని ఎలర్జీ అని మాత్రం రాయొద్దు, ఎలర్జీ అంటే నర్సు దాకా వెళ్ళే వ్యవహారం, కాగితాలు అడుగుతారు.

తేదీలు. మనకి 5/3 అంటే మార్చి ఐదు, ఇక్కడ మే మూడు. నెల పేరు అక్షరాల్లో రాసేస్తే గొడవే లేదు. రేపు, ఎల్లుండి అని కూడా వద్దు, మీరు రాత్రి పెట్టింది వాళ్ళు పొద్దున చదువుతారు కదా.

ఇండియా ట్రిప్ మెసేజ్‌కి ఇంకాస్త జాగ్రత్త కావాలి. డిసెంబర్‌లో వెళ్ళి సంక్రాంతి చూసుకుని వద్దామనుకుంటాం, ఈలోగా ఇక్కడ జనవరి మొదట్లోనే బడి తెరిచేస్తారు. టెక్సాస్‌లో క్లాసు జరిగిన రోజుల్లో కనీసం 90 శాతం హాజరు ఉండాలి, ఏడాదికి 170 రోజులు అనుకుంటే జ్వరాలతో సహా 17 రోజులు దాటకూడదు. పైగా ఆరు నెలల్లో పది రోజులు ఎక్స్‌క్యూజ్ కాని, అంటే స్కూల్ ఒప్పుకోని సెలవులైతే ట్రూయెన్సీ, అంటే బడి ఎగ్గొట్టడం అని ఇంకో తలనొప్పి. ఊరెళ్ళడం మామూలుగా ఎక్స్‌క్యూజ్ అవ్వదు. కాబట్టి టికెట్లు కొనకముందే, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా, స్కూల్ రోజులు ఇన్ని పోతాయి, ఎవరితో మాట్లాడాలి అని అడగండి. "అవుట్ ఆఫ్ స్టేషన్" అని మాత్రం రాయకండి, రైల్వే స్టేషన్ అనుకుంటారు, "వి విల్ బి ట్రావెలింగ్ టు ఇండియా" చాలు.

గూగుల్ ట్రాన్స్‌లేట్ వాడొచ్చా అని అడుగుతుంటారు. వాడండి, నేనూ వాడతా. కాకపోతే మనం తెలుగులో కర్త లేకుండానే మాట్లాడేస్తాం. "నిన్న జ్వరం వచ్చింది, రాలేదు" అని కొడితే జ్వరం తల్లికొచ్చినట్టు, తల్లే స్కూల్‌కి రానట్టు ఇంగ్లీష్ తయారవ్వొచ్చు. ఇంకోటి, మనకి "వచ్చింది" అంటే అమ్మాయి వచ్చిందో కుక్క వచ్చిందో ఒకటే మాట, అందుకని పాప ఒక్కోసారి ఇంగ్లీష్‌లో "ఇట్" అయిపోతుంది. ప్రతి వాక్యంలో మా అమ్మాయి, మా అబ్బాయి అని రాసి, చిన్న చిన్న వాక్యాలుగా పెట్టండి. వచ్చిన ఇంగ్లీష్‌ని మళ్ళీ తెలుగులోకి తిప్పి చూడండి, మీరనుకున్నదే తిరిగొస్తే పంపెయ్యండి. క్లాస్‌డోజో లాంటి యాప్‌లు టీచర్ మెసేజ్‌ని అనువాదం చేసి చూపిస్తాయి, సెట్టింగ్స్‌లో భాష మార్చుకుని చూడండి.

ఒక్కచోట మాత్రం యాప్‌లూ మొహమాటం రెండూ పక్కన పెట్టాలి. పిల్లాడికి చదువులోనో మాటలోనో ఏదో ఇబ్బంది ఉందని మీకు అనుమానం వస్తే పార్కింగ్ లాట్‌లో నోటిమాటగా చెప్పి వదిలేయకండి, రాతలో పెట్టండి, పైన తేదీ వెయ్యండి, టీచర్‌తో పాటు ప్రిన్సిపాల్‌కి కూడా పంపండి. "ఐ యామ్ రిక్వెస్టింగ్ ఎ ఫుల్ స్పెషల్ ఎడ్యుకేషన్ ఎవాల్యుయేషన్ ఫర్ మై సన్." అంటే వాడికి ప్రత్యేక బోధన అవసరమా అని స్కూల్ వాళ్ళే పూర్తిగా పరీక్షించి చూడాలని అడగడం. ఇక్కడ కుడ్ యు అక్కర్లేదు, ఇది అడిగే హక్కు మనది. టెక్సాస్‌లో రాతపూర్వకంగా అడిగిన 15 స్కూల్ రోజుల్లోపు వాళ్ళు ఔననో కాదనో రాతలోనే జవాబివ్వాలి. తర్వాత పిల్లాడికి ఏ సాయం కావాలో స్కూల్ వాళ్ళూ మనమూ కూర్చుని తేల్చుకునే ఏఆర్‌డీ మీటింగ్‌లో మాటలు మీకు అర్థమయ్యేలా చూడటం స్కూల్ పనే, తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే మెసేజ్ పెట్టండి, డబ్బులేమీ కట్టక్కర్లేదు. పిల్లాణ్ణే పక్కన కూర్చోబెట్టుకుని వాడి గురించి వాడిచేతే అనువాదం చేయించుకోవడం చూశాను నేను, పాపం వాడు ఏం చెప్పాడో ఏం దాచాడో.

చివరగా జవాబులు. ఇంగ్లీష్ పదాలన్నీ తెలిసినవే ఉంటాయి, అర్థం మాత్రం తెలియదు. "ఐ విల్ కీప్ యాన్ ఐ ఆన్ ఇట్" అంటే మావాడి కంటికేదో అయిందని కంగారుపడి మా ఆయనకి మూడుసార్లు ఫోన్ చేశాను, కనిపెట్టుకుని ఉంటాను అని దాని అర్థమట. "లెట్స్ టచ్ బేస్" అంటే ఒకసారి మాట్లాడుకుందాం అని. "హి హాడ్ ఎ రఫ్ డే" అంటే వాడు ఈ రోజు ఏడ్చాడో గొడవపడ్డాడో, మెత్తగా చెప్తున్నారు, ఏం జరిగిందని అడగాలి. "థాంక్స్ ఫర్ లెటింగ్ మి నో" అని వస్తే విషయం ముట్టినట్టే, దానికి మళ్ళీ థాంక్స్ పెట్టక్కర్లేదు. నేను పెట్టేదాన్ని, ఆవిడ మళ్ళీ స్మైలీ పెట్టేది, దానికి నేను దణ్ణం ఎమోజీ పెట్టేదాన్ని.